బెళుగుప్ప అంగట్లో జాజ్ ఎవరి కోసమండీ?

మన ఐటీ జనానికి ఒక జబ్బుంది. బెంగుళూరులో రెండేళ్ళు ఉద్యోగం చేస్తే చాలు, సొంతూరికి వెళ్ళిన ప్రతిసారీ అక్కడి బగ్గులు ఏరడం మొదలెడతాం. బస్టాండు బాగాలేదు, బోర్డు మీద ఫాంటు బాగాలేదు, టీ గ్లాసు బాగాలేదు. ఈ మధ్య ఆ జాబితాలోకి కొత్తగా పాట కూడా చేరింది.

సంగతేంటంటే, అనంతపురం జిల్లా బెళుగుప్పలో మా చిన్నాయన కొడుకు చిన్న అంగడి పెట్టాడు. కాఫీ, టీ, పొద్దున పూట ఉగ్గాని బజ్జీ. నాలుగు బెంచీలు, ఒక స్టవ్వు, గోడకి ఒక స్పీకరు. అంతే. వాడి పెట్టుబడిలో సగం అప్పు. మా బంధువుల వాట్సాప్ గుంపులో ఉన్న ఇంజినీర్లందరూ (నాతో కలిపి ఏడుగురం) సలహాలకు దిగారు. అందులో ఏకగ్రీవంగా, అంటే నేను తప్ప అందరూ, తేల్చిందేమిటంటే సినిమా పాటలు తీసేసి "లైట్ జాజ్" పెట్టాలట. అప్పుడే "యాంబియెన్స్" వస్తుందట. ఒక బావగారైతే ప్లేలిస్టు కూడా పంపేశారు.

నాకు జాజ్ మీద కోపం లేదు. రాత్రి పూట కోడు రాసుకుంటూ వినేది అదే. నా గొడవంతా ఆ సలహాతోనే.

మొదట వాళ్ళ లాజిక్కు చూద్దాం. "కాఫీ షాపుల్లో అదే వేస్తారు కదా!" వేస్తారు. ఎందుకు వేస్తారో అడిగారా? స్టార్‌బక్స్ వాడు 1999లో హియర్ మ్యూజిక్ అనే సంగీతపు కంపెనీని కొన్నాడు. కౌంటరు పక్కనే సీడీలు పెట్టి అమ్మాడు. రే చార్లెస్ చివరి ఆల్బం 2004లో వాళ్ళ భాగస్వామ్యంతోనే వచ్చింది, మరుసటేడు గ్రామీ కూడా కొట్టింది. అంటే అక్కడ పాట కూడా కాఫీ లాగే అమ్ముడుపోయే సరుకు. 2015లో షాపుల్లో సీడీల అమ్మకం ఆపేశారు, అలవాటు మాత్రం ప్రపంచమంతా పాకింది. మనవాళ్ళు కాపీ కొట్టింది ఆ అలవాటుని. కారణాన్ని వదిలేసి కోడు మాత్రం కాపీ పేస్టు చేసినట్టన్నమాట :-)

"అదేం కాదు, రీసెర్చి ఉంది" అన్నాడింకో తమ్ముడు. ఉంది, నిజమే. రొనాల్డ్ మిల్లిమన్ అనే ఆయన 1982లో ఒక సూపర్ మార్కెట్లో చేసిన ప్రయోగంలో, నెమ్మదైన సంగీతం వేసిన రోజుల్లో జనం నెమ్మదిగా నడిచారు, అమ్మకాలు 38 శాతం పెరిగాయి. బాగుంది. కానీ అదే ఆయన 1986లో ఒక రెస్టారెంటులో చేసింది కూడా చదవాలి. వేగంగా ఉన్న పాటలకి 45 నిమిషాలు కూర్చున్నవాళ్ళు నెమ్మది పాటలకి 56 నిమిషాలు కూర్చున్నారు. తిండి ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు, పెరిగింది బారు బిల్లు. మా వాడి అంగట్లో బారు లేదు మహాప్రభో! నాలుగు బెంచీలున్న చోట పది రూపాయల టీ తాగే మనిషి ఇంకో పదకొండు నిమిషాలు కూర్చుంటే పెరిగేది లాభం కాదు, బయట నిలబడేవాళ్ళ సంఖ్య. కళ్యాణదుర్గం బస్సొస్తుందంటే సగం గ్లాసు వదిలేసి పరిగెత్తే జనం వాళ్ళు. త్రూపుట్, లేటెన్సీ అని ఆఫీసులో రోజూ కొట్టుకు చచ్చే మనకి ఈ లెక్క తట్టలేదా?

సరే, లెక్కలు పక్కన పెడదాం. నాకు నిజంగా మండింది ఇక్కడ కాదు.

"జాజ్ పెడితే క్రౌడు కాస్త డీసెంటుగా వస్తుంది" అని ఒక మాట వచ్చింది. ఇదీ అసలు సంగతి! పాట వేసేది ఉన్నవాళ్ళ కోసం కాదు, కొంతమందిని రానీయకుండా చెయ్యడానికి. పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని, కాళ్ళకి దుమ్ముతో వచ్చే రైతు ఆ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఇది మనలాంటోళ్ళది కాదులే" అనుకుని పక్కంగడికి పోవాలి. ఎవరూ పొమ్మనక్కర్లేదు, పాటే ఆ పని చేస్తుంది. మన ఊళ్ళలో ఒకప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలో టీ గ్లాసులే చెప్పేవి. రెండు గ్లాసుల పద్ధతి గురించి మీలో చాలామంది ఇళ్ళలో వినే ఉంటారు, కొందరు చూసే ఉంటారు. అదీ ఇదీ ఒకటే అనను, ఆ అవమానం వేరు. కానీ మనుషుల్ని వేరు చేసే పని నోటితో కాకుండా వస్తువుతో చేయించడం మనకి పాత విద్యే.

ఇందులో ఇంకో విడ్డూరముంది. ఆ జాజ్ ఎవరిది? న్యూ ఆర్లియన్స్ నల్లవాళ్ళది. దానికి ప్రాణం పోసిన బ్లూస్, పత్తి చేలల్లో కూలికి పనిచేసినవాళ్ళది. న్యూయార్కులో కాటన్ క్లబ్ అని ఒకటుండేది. 1927 నుంచి డ్యూక్ ఎలింగ్టన్ బృందం అక్కడే వాయించింది. వేదిక మీద నల్లవాళ్ళు, కుర్చీల్లో కూర్చునే హక్కు మాత్రం తెల్లవాళ్ళకే. అలా గుమ్మం బయట నిలబెట్టబడ్డ జనం పుట్టించిన సంగీతాన్ని తెచ్చి, బెళుగుప్పలో శెనక్కాయ రైతుని గుమ్మం బయట నిలబెట్టడానికి వాడతారా? దీన్ని మీరు టేస్టు అంటారా?

ఇది విని "అయితే పల్లెటూరివాళ్ళకి జాజ్ అర్థం కాదంటావా?" అని నా మీదకొచ్చారు. అననండీ. అది ఇంకో రకం అవమానం. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ 1983లో, ఇంకా మీసాలు రాని వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ఏళ్ళ తరబడి ప్రపంచమంతా తిరిగాడు. పెళ్ళిలో సన్నాయి ఆయన ఒక రాగం ఎత్తుకుని దాన్ని ఎటు తిప్పుతాడో ముందే తెలీకపోయినా తల ఊపుతూ వినే చెవులు మనవి. అనంతపురం ఉరుముల వాళ్ళ దెబ్బ విన్న చెవికి లయ గురించి మనం పాఠం చెప్పక్కర్లేదు.

చిన్న అంగట్లో జాజ్ ఎలా ఉండాలో చూడాలంటే జపాన్ వైపు చూడండి. అక్కడ జాజ్ కిస్సా అంటారు, జాజ్ వినిపించే కాఫీ అంగళ్ళు. యోకొహామాలో చిగుసా అనేది 1933లో మొదలైంది. విదేశీ రికార్డు కొనే స్తోమతు లేని కుర్రాళ్ళు ఒక్క కాఫీ డబ్బులిచ్చి గంటలు గంటలు వినేవాళ్ళు. యుద్ధంలో రికార్డులన్నీ కాలిపోతే యజమాని మళ్ళీ పోగేసుకుని మళ్ళీ తెరిచాడు. రచయిత మురకామి కూడా 1974లో టోక్యో శివార్లలో ఇలాంటిదే పెట్టి కొన్నేళ్ళు నడిపాడు. తేడా గమనించారా? అక్కడ జాజ్ గోడకేసిన రంగు కాదు. లేనివాడికి అందని పాటని అంగడివాడు అందించాడు. గుమ్మం మూయడానికి కాదు, తెరవడానికి. పైగా ఏ పాట ఎందుకు వేశాడో అడిగితే చెప్పగలడు.

మా వాడు మొహమాటానికి రెండు రోజులు ఆ ప్లేలిస్టు వేశాడు. రెండో రోజు ఒక పెద్దాయన, "ఏమప్పా, టేపు ఇరుక్కుందా ఏమి, పాట ముందుకు పోతాలేదే?" అన్నాడట. వాడికి జవాబు లేదు. "అన్నా, అది ఎవురు వాయించినారో కూడా నాకు తెలీదు, ఏం చెప్పాల?" అని నాకు ఫోను చేశాడు. నా దృష్టిలో పరీక్ష ఇదే. ఇదేం పాటని అడిగితే అంగడివాడు నోరు తెరవగలిగితే అది వాడి పాట. లేకపోతే వాడి అంగట్లో మన పాట.

వాడి పద్ధతి వేరు. పొద్దున ఆకాశవాణి. తర్వాత ఎవరైనా అడిగిన పాట, బళ్ళారి వైపు నుంచి ఎవరైనా వస్తే కన్నడ పాట. బోరు మోటారు కాలిందని ఎవరికైనా ఫోనొస్తే, చెప్పకుండానే వాల్యూం తగ్గిస్తాడు. ఇన్ని ఇన్‌పుట్లు చూసుకుని మారే సిస్టంని తీసేసి, మారని ప్లేలిస్టు పెట్టమని చెప్పింది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు!

అన్నట్టు ఇంకో మాట. ఆఫీసులో ప్రతి లైబ్రరీకీ లైసెన్సు చూసే మనం, సొంత స్ట్రీమింగు ఖాతా అంగట్లో వాడుకోమని వాడికిచ్చాం. అవి సొంతంగా వినడానికే గానీ వ్యాపారానికి కాదు. అంగట్లో రికార్డు పాట వేస్తే, జాజ్ అయినా సినిమా పాటయినా, లైసెన్సు కావాలి. సలహా ఇచ్చేవాడికి ముందు ఆ సంగతి తెలియాలి.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అది. శెనక్కాయ పోయిన ఏడు ఆ అంగడే వాళ్ళింటికి రెండో పంట. మన సలహా తప్పయితే మనకి పోయేదేం లేదు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగిన మనిషి ఎవరికీ ఎర్రర్ మెసేజీ పంపడు, రేపట్నుంచి రాడంతే. వాడి అప్పు మీద మనం ప్రొడక్షన్లో టెస్టింగు చేస్తున్నాం.

నిజంగా సాయం చెయ్యాలనుంటే గరగరలాడని స్పీకరు ఒకటి కొనివ్వండి, లైసెన్సు డబ్బులు కట్టండి. జాజ్ అంత ఇష్టమైతే ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ బెంచీ మీద కూర్చుని, వాడికి ఒక్క పాట వినిపించి, అదెవరిదో, ఎక్కణ్ణుంచొచ్చిందో చెప్పండి. నచ్చితే వాడే వేస్తాడు. నచ్చకపోతే టీ తాగి, డబ్బులిచ్చి రండి.