పాత ప్రోగ్రాములు – కొత్త యంత్రములు

ఉర్దూ కుడి నుండి ఎడమకు, తెలుగు ఎడమ నుండి కుడికి సాగును. కంప్యూటర్లలోనూ ఇట్టి భేదము కలదు. 1964లో ఐ.బి.ఎం. ప్రకటించిన సిస్టమ్/360 సంఖ్యలోని పెద్ద బైటును ముందుంచగా, 1978లో ఇంటెల్ వెలువరించిన 8086 చిన్న బైటును ముందుంచినది. ఈ రెండు సంప్రదాయములు నేటికీ నిలిచియున్నవి.

పరస్పరం సందేశములు పంపుకొను రెండు పాత ప్రోగ్రాములు ఒకే యంత్రములో ఉన్నంత కాలం ఈ భేదము బయటపడదు. ఒకదానిని వేరు జాతి యంత్రమునకు తరలించినచో, మెమరీలోని రూపముననే పంపిన నాలుగు బైట్ల 1 అనే సంఖ్య అచ్చట 1,67,77,216గా మారును. అది జీతమో, మార్కులో అయినచో పర్యవసానము ఊహించవచ్చును.

అట్టి ప్రోగ్రాములను ఆసాంతము తిరగవ్రాయవలెనని కొందరందురు. మేము ఏకీభవించము. ఏండ్ల తరబడి సరియైన లెక్కలు చెప్పిన భాగమును కదల్పక, సందేశము వెలుపలికి పోవు చోట, లోనికి వచ్చు చోట మాత్రమే ఉమ్మడి రూపమునకు మార్చు పొరను నిర్మించుట మేలు. 1987లో సన్ మైక్రోసిస్టమ్స్ ప్రచురించిన ఎక్స్.డి.ఆర్. పద్ధతి అట్టిదే, అందు ఎల్లప్పుడూ పెద్ద బైటే ముందు. మార్పిడికి కొంత కాలము వ్యయమగుట నిజమే. తప్పు లెక్కకు చెల్లించు మూల్యము అంతకంటె హెచ్చు.

కొత్తది వ్రాయుటతోపాటు పాతదానిని నిలబెట్టుటయు విద్యయే. ఈ అభ్యాసమును ప్రయోగశాలలో చేర్చవలెనని కమిటీ వారికి మా మనవి.