స్థానం వారి పాట
స్థానం నరసింహారావు పేరెత్తగానే మనవాళ్లు రంగస్థలం మీద ఆయన వేసిన సత్యభామ నడకనీ, చీరకట్టునీ తలుచుకుంటారు. ఆయన పాట కట్టిన మనిషని ఎందరికి గుర్తు? 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామవిలాస సభలో వెలిగిన స్థానం, ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకం కోసం ‘మీరజాలగలడా’ను తానే రాసుకున్నారు. నాటకం ముత్తరాజు సుబ్బారావుది, సత్యభామ గర్వం మాత్రం ఈ పాటది. అదే పేరుతో వచ్చిన 1966 సినిమాలో సుశీల పాడాక చాలామంది దాన్ని తెరమీద సత్యభామ వేసిన జమున పాటే అనుకున్నారు (అందులో తప్పేం లేదు, అంత బాగుంది మరి). స్థానం అదే పల్లవిని మళ్లీ మళ్లీ ఎత్తుకుని, ఎత్తుకున్న ప్రతిసారీ కొత్త భావం పట్టేవారట. రాగాన్ని విస్తరించడం విద్వాంసుడి పనైతే, మాటను విస్తరించడం ఈయన పని. దీన్ని ‘నాటకాల పాట’ అని పక్కన పెట్టడం నాకు మింగుడుపడదు. 1956లో పద్మశ్రీ ఇచ్చింది నటుడికి. వాగ్గేయకారుడి లెక్క ఇంకా తేలలేదు. నన్నడిగితే తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో సంగీతం చెప్పే పంతుళ్లు వర్ణాలూ కృతులతో పాటు ఈ పాటా నేర్పాలి. స్వరాలు అప్పజెప్పించుకోవడానికి కాదు, ఒకే మాటను అలకతో, ధీమాతో, కొంటెతనంతో ఎలా పలకాలో పిల్లలకు వినిపించడానికి.