బరువూ - పరుగూ

ఆంధ్రులు ఆరంభశూరులన్న మాట మొదట ఎవరన్నారో గాని, దానికి సాక్ష్యం కావాలంటే ఎక్కడికో పోనక్కరలేదు. జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున ఊళ్ళో వున్న పార్కు గేటు దగ్గర నిలబడితే చాలు. కొత్త బూట్లు, కొత్త చొక్కాలు, చేతికి అడుగులు లెక్కపెట్టే కొత్త గడియారాలు - తిరనాళ్ళలా వుంటుంది. సంక్రాంతి అరిసెల నాటికి సగంమంది కనిపించరు. శివరాత్రి వెళ్ళేసరికి చలితోపాటు వాళ్ళూ వెళ్ళిపోతారు. ఉగాదినాటికి మిగిలేది మామూలుగా ఏడాది పొడుగునా నడిచే నలుగురు పెద్దవాళ్ళూ, కాకులూ.

మాయమైపోయిన వాళ్ళందరినీ మనం బద్ధకస్తుల కింద జమకట్టేస్తాం. నాకలా తోచదు. బద్ధకస్తుడు అసలు బూట్లే కొనడు. బూట్లు కొని, మొదటిరోజే గంటన్నర పరిగెత్తి, రాత్రి అన్నం మానేసి, నాలుగోరోజున మోకాలు పట్టుకుని కూర్చున్నవాడిది బద్ధకం ఎలా అవుతుంది? అతన్ని చెడగొట్టింది తొందర.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఒక తల్లిగారు వ్రాసిన ఉత్తరం. వాళ్ళ అమ్మాయికి సంబంధం కుదిరింది. పెళ్ళికి ఇంకా రెండు నెలలుంది. అమ్మాయి బరువు 78 కిలోలు. "అంతా బాగానే వుంది గాని, పిల్ల కాస్త వొళ్ళు తగ్గితే బాగుంటుంది" అని పెళ్ళికొడుకు మేనత్త సెలవిచ్చారట. ఆనాటినుంచి అమ్మాయి రెండు పూటలా మజ్జిగ తాగి వూరుకుంటోంది. ముహూర్తానికి 66 కిలోలకు దిగాలని పట్టు. మొన్న స్నానాలగదిలో కళ్ళు తిరిగి పడిందట. "మానమంటే వినదు, మీరైనా నాలుగు మాటలు వ్రాయండి" అని ఆవిడ అడిగారు.

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. కాని ఇక్కడ వైద్యం కంటే ముందు కూడికలూ తీసివేతలూ కావాలి. అవి అందరికీ వచ్చినవే.

మన వొంట్లో పేరుకున్న కొవ్వు ఒక కిలో కరగాలంటే సుమారు 7,700 కాలరీలు ఖర్చుకావాలి. రెండు నెలల్లో 12 కిలోలంటే వారానికి కిలోన్నర. అంటే రోజుకు 1,650 కాలరీల లోటు. ఆ వయసులో, ఆ బరువుతో, మామూలు పనులు చేసుకునే అమ్మాయికి రోజు గడవడానికి సుమారు రెండువేల కాలరీలు పడతాయి. అందులోంచి 1,650 తీసేస్తే మిగిలేది 350. అది 100 గ్రాముల బియ్యం వండితే వచ్చే అన్నం. కూర లేదు, పప్పు లేదు, పెరుగు లేదు. రెండు నెలలపాటు రోజంతటికీ అంతే! ఇక కళ్ళు తిరగక ఏమవుతాయి?

"కాని మొదటివారంలోనే మూడు కిలోలు తగ్గింది గదా!" అని అమ్మాయి వాదిస్తోందట. నిజమే, తగ్గి వుంటుంది. అయితే అందులో ఎక్కువ భాగం కొవ్వు కాదు, నీళ్ళు. శరీరం అత్యవసరానికని కాలేయంలోనూ కండల్లోనూ కొంత పిండిపదార్థం నిలవ చేసుకుంటుంది. ఆ నిలవ ఒక గ్రాము వుంటే దానితోపాటు సుమారు మూడు గ్రాముల నీరు వుంటుంది. తిండి మానగానే ముందు ఖర్చయ్యేది ఆ నిలవే. దాంతోపాటు నీరూ పోతుంది. త్రాసు ముల్లు చకచకా దిగుతుంది, మనం సంబరపడతాం. నాలుగు పూటలు మామూలుగా భోంచేస్తే ఆ నీరు మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చుంటుంది.

అక్కడితో ఆగినా బాగుండును. మరీ తక్కువ తిన్నప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్ళకు పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. జుట్టు రాలడం మామూలు. పెళ్ళికూతురికి పూలజడ వేసేవాళ్ళు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి!

ఆకలి మనిషిని ఏం చేస్తుందో చూడడానికి 1944లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కరువున పడ్డ జనానికి తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఎన్నుకుని, 24 వారాలపాటు రోజుకు సుమారు 1,570 కాలరీల తిండి మాత్రమే పెట్టారు. వాళ్ళ బరువులో నాలుగోవంతు పోయింది. దానితోపాటు ఉత్సాహం పోయింది, నవ్వు పోయింది, చదువు మీద ధ్యాస పోయింది. రాత్రింబవళ్ళు తిండి గురించే కలలు. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకుని కూర్చున్నారు. ప్రయోగం అయిపోయాక ఎంత తిన్నా తృప్తి తీరక, పోయిన కొవ్వుకంటే ఎక్కువే కూడబెట్టుకున్నారు. గమనించారా? వాళ్ళకు పెట్టింది 1,570. మన పెళ్ళికూతురు తనకు తాను పెట్టుకుంటున్నది 350!

ఇంకో కథ మరీ చిత్రమైనది. అదే అమెరికాలో టెలివిజన్‌వాళ్ళు బరువు తగ్గే పందెం ఒకటి నడిపారు. 2009లో ఆ పందెంలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. 30 వారాల్లో వాళ్ళు తలకు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్ళలో అందులో 41 కిలోలు తిరిగి వచ్చేశాయి. అది సరే, మనుషులు మళ్ళీ లావెక్కినా వాళ్ళ శరీరాలు మాత్రం కరువుకాలపు పొదుపు మానలేదు. వూరికే కూర్చున్నప్పుడు ఆ బరువున్న మనిషికి ఎంత ఖర్చుకావాలో అంతకంటే రోజుకు సుమారు 500 కాలరీలు తక్కువగా ఖర్చవుతున్నాయి. కరువు చూసిన సంసారి పంట చేతికొచ్చాక కూడా గాదె తలుపు తీయనట్టు!

దీనికి ఎదురుగా నిలబెట్టదగ్గ పెద్దమనిషి ఒకాయనున్నాడు. లండనులో విలియం బాంటింగ్ అనే ఆయన రాజకుటుంబానికి అంత్యక్రియల ఏర్పాట్లు చూసేవాడు. అయిదడుగుల అయిదంగుళాల మనిషి, 202 పౌనుల బరువు. వంగి బూట్లు కట్టుకోలేడు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి మెల్లగా దిగేవాడు. వ్యాయామానికని పడవ నడిపితే చేతుల్లో బలంతోపాటు కడుపులో ఆకలి కూడా పెరిగింది. ఆఖరికి చెవులు వినబడడం లేదని 1862లో హార్వే అనే చెవి వైద్యుడి దగ్గరకు పోతే, ఆయన రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు తగ్గించమని పథ్యం చెప్పాడు. బాంటింగ్ పస్తులుండలేదు, రోజూ కడుపుకు తిన్నాడు. ఏడాదిలో 46 పౌనులు, అంటే దాదాపు 21 కిలోలు తగ్గాడు. వారానికి లెక్కవేస్తే 400 గ్రాములు! 1863లో ఆ సంగతులు ఒక చిన్న పుస్తకంగా అచ్చువేస్తే, ఆయన ఇంటిపేరే ఇంగ్లీషులో "పథ్యం చేయు" అన్న క్రియాపదమై కూర్చుంది. అరవై అయిదేళ్ళకు మొదలుపెట్టిన మనిషి ఎనభై దాటేదాకా బ్రతికాడు. ఆయన తిన్న పదార్థాలే అందరూ తినాలని నేననను. ఆయన నడిచిన నడక మాత్రం చూసి నేర్చుకోదగ్గది.

అయితే, నిదానంగా తగ్గితే చాలు, ఇక తిరిగి రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో ఈ సంగతే పరీక్షించి 2014లో ప్రకటించారు. కొందరిని వైద్యుల పర్యవేక్షణలో 12 వారాల్లో తగ్గించారు, కొందరిని 36 వారాల్లో. తర్వాత దాదాపు మూడేళ్ళపాటు కనిపెట్టి చూస్తే, రెండు జట్లలోనూ పోయిన బరువులో నూటికి 71 వంతులు తిరిగివచ్చింది. నిదానంగా తగ్గినవాళ్ళకూ మినహాయింపు లేదు.

ఏమిటి దీని అర్థం? నిదానానికి దానంతట దానికి మహిమ ఏమీ లేదన్నమాట. దిగిన తర్వాత ఎలా బ్రతుకుతామన్నదే ముఖ్యం. దిగేటప్పుడు తిన్న తిండి, దిగాక కూడా తినగలిగేదైతేనే బరువు నిలుస్తుంది. మజ్జిగ తాగి ఎవరూ జీవితమంతా వుండలేరు. అన్నంలో రెండు గుప్పెళ్ళు తగ్గించుకుని మాత్రం ఎంతకాలమైనా వుండవచ్చు. అంచేత వేగం నిర్ణయించుకునేటప్పుడు "రెండు నెలల్లో ఎంత తగ్గగలను?" అని అడగకూడదు. "ఈ పద్ధతిలో రెండేళ్ళు వుండగలనా?" అని అడగాలి.

మన హైదరాబాదులోనే జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థవారు భారతీయుల కోసం తయారుచేసిన ఆహార సూచనల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పారు. వారానికి అరకిలో తగ్గడం క్షేమం. ఎంత పథ్యమైనా రోజుకు 1,000 కాలరీలకు తగ్గకూడదు. అంతే.

అరకిలో అంటే రోజుకు 550 కాలరీల లోటు. అది ఎక్కడినుంచి తేవాలి? వంటింట్లోంచే. రోజు మొత్తం మీద రెండు గుప్పెళ్ళ బియ్యం, అంటే 60 గ్రాములు తగ్గిస్తే 210. కూరలోనూ తాలింపులోనూ మనిషికి ఒక పెద్ద చెంచా నూనె తగ్గితే 120. రెండు కాఫీల్లో కలిపి నాలుగు చిన్న చెంచాల చక్కెర మానితే 80. సాయంత్రం అరగంట చురుగ్గా నడిస్తే, ఆ బరువున్న మనిషికి ఇంకో 130. మొత్తం 540. ఇంట్లో ఎవరికీ ప్రత్యేకంగా వంట చేయనక్కరలేదు, పస్తు లేదు. తగ్గిన అన్నం చోట ఇంకో గరిటె కూర వేసుకోవచ్చు. కండ పోకుండా పప్పు, పెరుగు, తినేవాళ్ళు గుడ్డు తగ్గించకూడదు.

త్రాసు మీద వారానికొక్కసారి, ఒకే రోజున, ప్రొద్దున్నే ఎక్కితే చాలు. రోజూ ఎక్కితే అది మనల్ని ఏడిపిస్తుంది. రాత్రి ఆవకాయ గట్టిగా దట్టిస్తే ఆ ఉప్పు నీటిని పట్టివుంచి, తెల్లవారేసరికి అరకిలో ఎక్కువ చూపించవచ్చు. ఆడవాళ్ళకు నెలలో కొన్ని రోజులు అలాగే జరుగుతుంది. అది కొవ్వు కాదు. నెలకొకసారి నడుముకు టేపు కూడా చుట్టండి. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలని వైద్యుల మాట.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మూడు నాలుగు నెలలయ్యేసరికి తగ్గడం నెమ్మదిస్తుంది. మనిషి తేలికైనకొద్దీ శరీరం ఖర్చూ తగ్గుతుంది గదా! చాలామంది సరిగ్గా ఇక్కడే "ఇక నా వల్ల కాదు" అని బూట్లు అటకెక్కిస్తారు. అది వోటమి కాదు. దిగిన మెట్టు మీద కాసేపు నిలబడడం. ఆ బరువును అట్టే నిలబెట్టుకున్నా విజయమే.

ఇప్పుడు బరువు తగ్గించే సూదిమందులు వచ్చాయి, అవి వుండగా ఇంత శ్రమెందుకని అడిగేవాళ్ళున్నారు. అవసరమైనవారికి డాక్టరుగారే వ్రాస్తారు, తప్పులేదు. కాని వాటిలో పేరుపడ్డ సెమాగ్లూటైడ్‌ను కూడా కొద్ది మోతాదుతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకొకసారి పెంచుతారు. అదీ తొందరపడదు. మందు మానేసిన ఏడాదిలో పోయిన బరువులో మూడింట రెండువంతులు తిరిగివచ్చిందని 2022లో ప్రకటించిన పరిశోధన చెబుతోంది. సూదితో తగ్గినా, నిలబెట్టుకునే పని మనకు వుండనే వుంది. చక్కెరజబ్బుకు మందులు వాడేవారు మాత్రం తిండి తగ్గించే ముందు డాక్టరుగారితో మాట్లాడి తీరాలి. తిండి తగ్గితే మందూ మార్చవలసి వస్తుంది. గర్భిణులు ఈ జోలికే పోకూడదు.

పథ్యం అనే మాట మనం రోజూ వాడేదే. అది "పథం" అన్న మాటలోంచి వచ్చింది. దారి తప్పనిది, దారికి పనికివచ్చేది అని అర్థం. శిక్ష అనే అర్థం అందులో సుతరామూ లేదు. మనమే దాన్ని చప్పిడి మెతుకులూ, ముక్కు మూసుకోవడమూ చేసి పెట్టుకున్నాం.

అమ్మా! మీ అమ్మాయికి ఈ లెక్క చూపించండి. వారానికి అరకిలో చొప్పున పెళ్ళినాటికి నాలుగు కిలోలు తగ్గుతుంది. 78 కిలోల్లో నాలుగంటే నూటికి అయిదువంతులు. ఆ మాత్రం తగ్గినా రక్తపుపోటూ, రక్తంలో చక్కెరా మెరుగుపడతాయని వైద్యులు చెబుతారు. మిగతా ఎనిమిది కిలోలకూ తొందరేముంది? అత్తవారింట్లో కూడా వంటిల్లు వుంటుంది, సాయంత్రం నడవడానికి వీధి వుంటుంది. ముందు డాక్టరుగారికి ఒకసారి చూపించండి. కళ్ళు తిరిగి పడడం తేలిగ్గా తీసుకోవలసింది కాదు. రవికెలు కుట్టేవాళ్ళతో లోపల కాస్త గుడ్డ వదలమని చెప్పండి. పెళ్ళికొడుకుగారి బరువెంతో ఆ మేనత్తగారిని ఒక్కసారి, మర్యాదగానే, అడగండి. ఈ రాత్రికి మాత్రం పిల్లకు కంచంలో అన్నం పెట్టండి.