మోడల్ రైళ్లు: పౌండ్ పడినా, రూపాయి పడినా.. భారం ఈ బుల్లి ఇంజిన్ మీదే!

అరచేతిలో పట్టేంత రైలింజిన్. పట్టాల మీద పెట్టి కరెంట్ ఇస్తే లైట్లు వేసుకుని, కూత పెట్టి మరీ పరిగెడుతుంది. పిల్లల బొమ్మే కదా అనుకుంటే పొరపాటే. మోడల్ రైల్వే హాబీలో ఉన్నవాళ్లలో చాలామంది పెద్దవాళ్లే. బ్రిటన్‌లో అయితే పెన్షన్ డబ్బుతో ఇంజిన్లు కొనుక్కునే రిటైర్డ్ ఉద్యోగులు ఎందరో. వాళ్లంతా ఇప్పుడు కొత్త మోడళ్లతో పాటు డాలర్ రేటు మీద కూడా ఓ కన్నేసి ఉంచాల్సి వస్తోంది. అసలు బొమ్మ రైలుకు, కరెన్సీ మార్కెట్‌కు లింకేంటి?

పేరు బ్రిటన్‌ది.. బిల్లు డాలర్లలో

బ్రిటన్‌లో బొమ్మ రైలు అనగానే ముందు గుర్తొచ్చే పేరు హార్న్‌బీ. ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన 1920లో లివర్‌పూల్‌లో మొదలుపెట్టిన రైళ్లు ఇవి. తర్వాత బ్రాండ్ చేతులు మారి, కెంట్ తీరంలోని మార్గేట్ పట్టణానికి చేరింది. 1990ల నుంచి తయారీ మాత్రం క్రమంగా చైనాకు వెళ్లిపోయింది. ఫ్యాక్టరీకి చెల్లింపులు డాలర్లలో, షాపులో అమ్మకం పౌండ్లలో. తిరకాసంతా ఇక్కడే ఉంది.

2016 జూన్ 23న బ్రెగ్జిట్ రెఫరెండం జరిగింది. ఫలితం రాకముందు పౌండ్ విలువ 1.50 డాలర్ల దగ్గర ఉంది. తెల్లారేసరికి 1.33 కిందకు జారి 31 ఏళ్ల కనిష్ఠాన్ని తాకింది. అక్టోబర్ నాటికి 1.22 దగ్గర తచ్చాడింది. దీని ప్రభావం ఎంతో చిన్న లెక్కతో చూద్దాం. ఫ్యాక్టరీ దగ్గర 60 డాలర్లు పడే ఇంజిన్ ఉందనుకోండి. పౌండ్ 1.50 దగ్గర ఉన్నప్పుడు దానికి 40 పౌండ్లు చాలు. 1.22 దగ్గర 49 పౌండ్లు కావాలి. ఇంజిన్ అదే, రంగు అదే, చక్రాలు అవే. తొమ్మిది పౌండ్లు మాత్రం గాల్లోంచి వచ్చి చేరాయి. దాని మీద డీలర్ మార్జిన్, 20 శాతం వ్యాట్ కలిస్తే షాపులో తేడా ఇంకా పెద్దది.

మరి పౌండ్ పడిన మర్నాడే ధర పెరుగుతుందా? పెరగదు. ఇలాంటి కంపెనీలు ఫార్వర్డ్ కాంట్రాక్టులతో కొన్ని నెలలకు సరిపడా డాలర్లను ముందే ఒక రేటుకు ఖాయం చేసుకుంటాయి. ఆ రక్షణ అయిపోయాకే అసలు దెబ్బ తెలుస్తుంది. 2022 సెప్టెంబర్ 26న మినీ బడ్జెట్ గందరగోళంలో పౌండ్ 1.04 కిందకు, చరిత్రలోనే అతి తక్కువ స్థాయికి పడింది. వార్తల్లో పెద్ద రచ్చే అయింది. కానీ రోజుల వ్యవధిలోనే చాలావరకు కోలుకుంది. బొమ్మల ధరలను మార్చేది ఇలాంటి ఒక్కరోజు కుదుపులు కాదు. నెలల తరబడి నిలిచిపోయిన పతనమే మారుస్తుంది.

ఇంకో సంగతి.. పౌండ్ 2018 ఏప్రిల్‌లో మళ్లీ 1.43 దాకా లేచింది. అలా లేచినప్పుడు ధరలు దిగొస్తాయని ఆశపడితే మాత్రం నిరాశే. ఎక్కేటప్పుడు లిఫ్ట్, దిగేటప్పుడు మెట్లు అన్నట్టుంటుంది వ్యవహారం. కంపెనీలను మాత్రమే తప్పుపట్టలేం. ఈలోగా చైనాలో కూలీ పెరుగుతుంది, అచ్చుల ఖర్చు పెరుగుతుంది, కంటైనర్ కిరాయి పెరుగుతుంది.

సరే, జేబులో డాలర్లే ఉన్న అమెరికన్లకు ఈ బాధ లేదా అంటే, ఉంది. 2005 జులై దాకా డాలర్‌కు 8.28 యువాన్లు వచ్చేవి. 2014 మొదట్లో వచ్చింది 6.05 మాత్రమే. అంటే 100 యువాన్ల పనికి 12 డాలర్లు ఇచ్చే చోట పదహారున్నర ఇవ్వాల్సి వచ్చింది.

యెన్ పడింది.. పండగొచ్చింది

జపాన్ కథ దీనికి రివర్స్. ఎన్ స్కేల్ షింకాన్‌సెన్ రైళ్లకు పేరున్న కాటో కంపెనీ మోడళ్లు జపాన్‌లోనే తయారవుతాయి కాబట్టి ఖర్చులో ఎక్కువ భాగం యెన్‌లలోనే. 2022 మొదట్లో డాలర్‌కు 115 యెన్‌లు ఉండేవి. అమెరికా వడ్డీ రేట్లు పెంచుకుంటూ పోయింది, జపాన్ సున్నా దగ్గరే కూర్చుంది. దాంతో 2024 జులైలో డాలర్ 161 యెన్‌లు దాటింది. రూపాయి కూడా పడింది కానీ యెన్ అంత కాదు. ఫలితం? 15,000 యెన్‌ల సెట్టుకు 2022 మొదట్లో మన డబ్బులో దాదాపు 9,700 రూపాయలయ్యేది. 2024 జులైలో 7,800కే వచ్చేసింది. ఆ టైమ్‌లో జపాన్ నుంచి తెప్పించుకున్నవాళ్లు అదృష్టవంతులే. 2025 డిసెంబర్‌లో డాలర్ 90 రూపాయలు దాటాక ఆ లాభంలో కొంత కరిగిపోయింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే 2025లో మరో షాక్. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు మే 2న చైనా, హాంకాంగ్ సరుకులకు, ఆగస్టు 29న మిగతా దేశాలన్నింటికీ పోయింది. యెన్ ఇచ్చిన డిస్కౌంట్‌ను టారిఫ్ లాగేసుకుంది.

మన దగ్గర డబుల్ దెబ్బ

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఈ హాబీ చేసేవాళ్లకు రూపాయి పతనం ఒక్కటే సమస్య కాదు. కస్టమ్స్ సుంకం దాన్ని ఇంకా పెంచుతుంది. ఆటబొమ్మలపై సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడాలన్నది ఉద్దేశం. స్కేల్ మోడళ్లు కూడా టారిఫ్ పట్టికలో బొమ్మల పద్దు కిందకే వస్తాయి. షాపు దిగుమతికి, సొంతానికి తెప్పించుకునే పార్శిల్‌కు రేటు ఒకటే ఉండదు. కానీ రేటు ఏదైనా లెక్క మాత్రం రూపాయి విలువ మీదే, అదీ కొరియర్ ఛార్జీ, బీమా కలిపిన విలువ మీద.

అన్నీ కలిపి 200 డాలర్ల ఇంజిన్, సుంకం 50 శాతం అనుకుందాం. డాలర్ 75 రూపాయలున్నప్పుడు 15,000కు 7,500 కలిపి 22,500. డాలర్ 90 అయితే 18,000కు 9,000 కలిపి 27,000. తేడా 4,500. ఇందులో రూపాయి పడినందుకు నేరుగా పెరిగింది 3,000 మాత్రమే, మిగతా 1,500 సుంకం రూపంలో పెరిగింది. దీని మీద జీఎస్టీ వేరే. కార్డుతో కడితే బ్యాంకు వేసే ఫారెక్స్ ఛార్జీ ఇంకా వేరే.

అందుకే చాలామంది ఇంజిన్, పట్టాలు మాత్రమే బయటి నుంచి తెప్పించుకుని మిగతాదంతా ఇక్కడే కానిచ్చేస్తున్నారు. ప్లైవుడ్ బల్ల, త్రీడీ ప్రింట్ స్టేషన్ బిల్డింగులు లోకల్‌గానే అయిపోతాయి. కంట్రోలర్ విషయంలోనూ దారుంది. డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఆర్డ్యునో బోర్డులో వేసుకుంటే బ్రాండెడ్ కంట్రోలర్ కొనే పనే ఉండదు. ఇక ప్రీ-ఆర్డర్ పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. బుక్ చేసిన రోజు రేటు కాదు, కార్డులోంచి డబ్బు కట్ అయిన రోజు రేటే లెక్క. ఈ రెండింటి మధ్య ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది.