జట్టు వెళ్ళిపోయాక ఊరికి ఏం మిగులుతుంది?

హైదరాబాద్‌కి ఐఎస్‌ఎల్ గెలిచిన ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉండేదని మన క్యాంపస్‌లో ఎంతమందికి తెలుసు? "ఉండేది" అని కావాలనే రాస్తున్నాను. 2019లో పుణె సిటీ జట్టు మూతపడింది, ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు గెలిచింది. 2025లో ఢిల్లీకి వెళ్ళిపోయి, పేరు కూడా మార్చుకుంది. మొత్తం కలిపి ఆరేళ్ళు. మన బీటెక్ కన్నా రెండేళ్ళు ఎక్కువ, అంతే.

ఇందులో ఒక చిత్రం ఉంది. కప్పు గెలిచిన ఆ సీజన్‌లో కరోనా వల్ల లీగ్ మొత్తం గోవాలోనే ఆడించారు. అంటే హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఛాంపియన్ అయింది. వీధి చివర టీ కొట్టు దగ్గర ఆ జట్టు గురించి వాదించుకున్నవాళ్ళు ఎందరు ఉంటారు? కోనసీమవాళ్ళకి మాత్రం అందులో చిన్న వాటా ఉందండోయ్. ఆ జట్టు సొంత మైదానం గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం. అమలాపురం ఎంపీగా గెలిచి లోక్‌సభ స్పీకర్ అయిన మా బాలయోగి గారి పేరే అది. పేరు మాది, మైదానం నగరానిది, జట్టు ఇప్పుడు ఢిల్లీది.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. జట్లు పుడతాయి, చేతులు మారతాయి, ఊళ్ళు మారతాయి. దానికి ఏడవక్కర్లేదు. కానీ జట్టు వెళ్ళిపోయిన మర్నాడు ఊళ్ళో ఏమీ మిగలకపోతే, ఆ జట్టు అసలు ఎప్పుడూ మనది కాదన్నమాట. ఈ మాటకి హైదరాబాద్‌లోనే ఇంకా పాత సాక్ష్యం ఉంది.

1950ల్లో భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునేవాళ్ళు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్. ఆ కోటని బద్దలుకొట్టింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది. 1950లోనే మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1954లో మళ్ళీ గెలిచింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో వరసగా రెండుసార్లు సాధించింది. ఆటగాళ్ళేమో పోలీసు ఉద్యోగులు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ అంతకుముందు బడిపంతులు.

రహీమ్ సాబ్ కోచ్‌గా భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్‌కి వెళ్ళి, నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం తెచ్చింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి స్వర్ణం లేదు. 1963 జూన్‌లో రహీమ్ క్యాన్సర్‌తో చనిపోయారు.

ఈ కప్పుల లెక్క కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆయన పిల్లల చేత ఆడించిన తీరు. ఆయన రకరకాల టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదానిలో ఎత్తు తక్కువ ఉన్న కుర్రాళ్ళే ఆడాలి. ఒకదానిలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. ఇంకోదానిలో బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోకూడదు, వెంటనే పాస్ ఇచ్చేయాలి. మన ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే, ఒక్కో కన్‌స్ట్రెయింట్ పెట్టి డిజైన్ చేయించడం. ఎడమ కాలు వాడడం చేతకానివాడికి ఎడమ కాలొక్కటే ఇస్తే ఏం చేస్తాడు? నేర్చుకుంటాడు. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఒక మైదానం, ఒక విజిల్, ఒక బుర్ర ఉంటే చాలు. పెద్ద జట్టు కప్పులు గెలుస్తున్న రోజుల్లోనే కింద చిన్నవాళ్ళ వరస తయారవుతూ ఉండేది. తులసీదాస్ బలరామ్ లాంటి సికింద్రాబాద్ కుర్రాడు ఇరవై ఏళ్ళకే ఒలింపిక్స్ ఆడింది ఆ కాలంలోనే.

తర్వాత ఏమైంది? మంచి ఆటగాళ్ళని కలకత్తా క్లబ్బులు పిలిచాయి, వెళ్ళారు. బలరామ్ కూడా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళారు. అది తప్పు కాదు, బతుకుతెరువు. కానీ పైనున్నవాళ్ళు వెళ్ళినప్పుడు కిందనుంచి వరస పైకి రావాలి కదా. రహీమ్ పోయాక ఆ పెంపకం అదే పట్టుదలతో సాగలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒక్కసారి సంతోష్ ట్రోఫీ వచ్చింది, అంతే. చివరికి మన తరానికి రహీమ్ ఎవరో తెలిసింది 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' వల్ల. మన నగరపు కథని ముంబై వాళ్ళు తీస్తే, మనం ఓటీటీలో చూసి "అబ్బో, మనవాడా!" అనుకున్నాం.

ఇప్పుడు ఒక్కసారి కెనడా వెళ్దాం. మంచు మీద ఆడే హాకీకి అక్కడ మన క్రికెట్‌కున్నంత పిచ్చి. అందులో జూనియర్ హాకీ అని ఒక ప్రపంచం ఉంది. సుమారుగా 16 నుంచి 20 ఏళ్ళ కుర్రాళ్ళ జట్లు. వాటిలో చాలా జట్లు పెద్ద నగరాలవి కావు, చిన్న చిన్న ఊళ్ళవి. మానిటోబా, సస్కాచెవాన్ రాష్ట్రాల సరిహద్దు మీద ఫ్లిన్ ఫ్లాన్ అనే గనుల ఊరు ఉంది. జనం సుమారు ఐదు వేలు. మా మండలంలో ఒక పెద్ద గ్రామమంత. ఆ ఊరి జట్టు పేరు బాంబర్స్, 1927లో పుట్టింది. 1957లో ఒట్టావా నుంచి వచ్చిన జట్టుని ఓడించి కెనడా జూనియర్ హాకీలో అతి పెద్దదైన మెమోరియల్ కప్ గెలిచింది. అదే ఊళ్ళో పుట్టి అదే జట్టులో ఆడిన బాబీ క్లార్క్ చక్కెర జబ్బు ఉన్నా వెనకడుగు వేయకుండా ఫిలడెల్ఫియా కెప్టెన్ అయ్యాడు, 1974, 1975లో స్టాన్లీ కప్ ఎత్తాడు.

మరి ఫ్లిన్ ఫ్లాన్‌కి కష్టం రాలేదా? వచ్చింది. పెద్ద లీగులో ఆడే ఆ జట్టుని 1978లో ఎడ్మంటన్ నగరానికి తరలించారు. అచ్చం మన హైదరాబాద్ ఎఫ్‌సీ లాగే. కానీ ఊరు పేరుని వదల్లేదు. ఇంకాస్త చిన్న లీగులో బాంబర్స్ అనే పేరుతోనే మళ్ళీ జట్టు కట్టుకుంది. ఇవాళ్టికీ ఆడుతోంది. బయటి ఊళ్ళనుంచి వచ్చిన కుర్రాళ్ళని ఆ ఊరి కుటుంబాలు తమ ఇళ్ళలోనే పెట్టుకుని, తిండి పెట్టి చూసుకుంటాయి. అక్కడి చిన్న ఊళ్ళన్నింటిలో ఇది మామూలు సంగతి. మన ఇంట్లో అన్నం తిని మైదానానికి వెళ్ళిన కుర్రాడు గోల్ కొడితే, ఆ గోల్ ఎవరిది? ఇక ఆ జట్టు మనది కాకుండా ఎక్కడికి పోతుంది?

లైసెన్సుతో వచ్చిన జట్టు లైసెన్సుతోనే పోతుంది. అన్నం పెట్టి పెంచుకున్న జట్టు ఓడిపోయినా ఊళ్ళోనే ఉంటుంది. హైదరాబాద్‌కీ ఫ్లిన్ ఫ్లాన్‌కీ తేడా డబ్బులో కన్నా ఇక్కడే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

ఇంక మా ఊరి సంగతికి వస్తాను. మాది ఉప్పలగుప్తం. ఊరి పేరుని భుజాన మోయడం కోనసీమవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. కనుమ రోజు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభని కౌశికలో పీకల్లోతు నీళ్ళలో దించి మరీ అవతలి ఒడ్డుకి దాటిస్తారు. దాన్ని మోసేవాడికి జీతం లేదు, కాంట్రాక్టు లేదు. మా ఊరి ప్రభ అంతే. ఇంత పట్టుదల ఉన్న నేల మీద ఊరికొక ఆటల జట్టు నిలవలేకపోవడం నాకు అర్థం కాని విషయం.

నిలవలేకపోవడానికి రెండు కారణాలు కళ్ళముందే ఉన్నాయి. ఒకటి నేల. వరి కోశాక చేను ఎండితే అదే మైదానం. సంక్రాంతికి వాలీబాల్ నెట్టు కట్టినా, కబడ్డీకి గీతలు గీసినా ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. సముద్రం వైపు ఉన్న మా మండలంలో ఎన్నో చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు తవ్వుకున్న రైతుని నేను తప్పుపట్టను, ఆయన అప్పులు ఆయనవి. కాకపోతే చేను ఏడాదిలో కొన్నాళ్ళు పిల్లలదయ్యేది, చెరువు మాత్రం ఏ రోజూ కాదు. పోయిన సంక్రాంతికి నెట్టు ఎక్కడ కడదామని మేం తిరుగుతుంటే మా బాబాయ్ నవ్వి, "ఏరా, ఇంక ఈత పోటీలే పెట్టుకోండి" అన్నాడు.

రెండోది వయసు. కెనడాలో జూనియర్ జట్టు మొదలయ్యే పదహారేళ్ళ వయసులోనే మన దగ్గర ఆట ఆగిపోతుంది. పదో తరగతి పరీక్ష అవ్వగానే ట్రంకు పెట్టె సర్ది, విజయవాడో హైదరాబాదో హాస్టల్‌కి పంపేస్తారు. పొద్దున్న ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. ఇది చదువుతున్నవాళ్ళలో సగంమంది ఆ దారినే వచ్చారు, మీకు నేను వర్ణించి చెప్పాలా? ఊళ్ళో మిగిలేది పన్నెండేళ్ళ పిల్లలు, ముప్పై దాటిన అన్నయ్యలు. మధ్యలో వరస ఖాళీ. అమ్మాయిలకైతే ఆ వరస మొదలే కాదు.

"మరి సాత్విక్?" అంటారు. నిజమే. మా అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్ గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి, ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 టీ20 ప్రపంచకప్‌లో ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్. ఇద్దరినీ చూస్తే గుండె ఉప్పొంగుతుంది. కానీ ఇద్దరూ పైకి ఎదగడానికి హైదరాబాద్ వెళ్ళాల్సివచ్చింది. సాత్విక్ తండ్రి స్వయంగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. త్రిష కోసం కుటుంబమే ఊరు మారింది. అలాంటి ఇల్లు లేని పిల్లకి దారి ఏది? ఊరి జట్టు ఉండేది అందుకోసమే. ఛాంపియన్‌కి జట్టు లేకపోయినా ఎలాగో దారి దొరుకుతుంది. మామూలు పిల్లలకి మాత్రం ఊరి జట్టే దారి.

నా రూమ్మేట్ ఈ వాదన విని తేల్చేశాడు: "చూసేవాళ్ళు లేని జట్టు మూతపడుతుంది. మార్కెట్ రా బాబూ. మనం కూడా ఊరు వదిలే కదా వచ్చాం, జట్టు వదిలితే తప్పేంటి?" వాడి మాటలో సగం నిజం ఉంది. మనం వచ్చేశాం, రేపు బెంగళూరో డల్లాసో వెళ్తాం. కానీ మనం వచ్చేసినా ఊళ్ళో మన ఇల్లు ఉంది, ఇంటి పేరు ఉంది, కనుమకి మోయాల్సిన ప్రభ ఉంది. వెళ్ళినవాడు తిరిగి చూసుకోడానికి ఒకటి ఉంది. జట్టుకి కూడా అలాంటిది ఒకటి ఉండాలంటున్నాను. ఇక చూసేవాళ్ళు లేరన్న మాట. పదకొండు ప్రభలకి లక్షల్లో జనం వస్తున్నారంటే, మనవాళ్ళకి చూసే ఓపిక లేదని ఎవరు నమ్ముతారు? తమదనుకున్నది కనపడితే వస్తారు.

అందుకే పెద్ద ఉపన్యాసాలు కాకుండా చేయగలిగిన మూడు పనులు చెప్తాను. మొదటిది, లెక్క రాసిపెట్టడం. మన కాలేజీ వాలీబాల్ జట్టు పదేళ్ళ కింద ఎవరితో ఆడింది, ఎవరు కెప్టెన్? కప్పులు గాజు బీరువాలో ఉన్నాయి, వాటి మీది పేర్లు చెరిగిపోయాయి. ఒక రిజిస్టర్ పెట్టి, ప్రతి మ్యాచ్ తేదీ, స్కోరు, ఆడినవాళ్ళ పేర్లు రాస్తే చాలు. సాహిత్య క్లబ్బు వాళ్ళం, రాయడం మన పనే కదా. రెండోది, సంక్రాంతి సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు అన్నయ్యల జట్టుతో పాటు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకీ, అమ్మాయిలకీ ఒక్కో ఆట పెట్టడం. ఎడమ చేత్తోనే సర్వీసు చేయాలని నియమం పెట్టి చూడండి, రహీమ్ సాబ్ పద్ధతి ఎంత సరదాగా ఉంటుందో తెలుస్తుంది. మూడోది, నేల. బడి ఆవరణో, పంచాయతీ స్థలమో ఏదో ఒకటి పిల్లల ఆటకి విడిగా ఉంచమని గ్రామసభలో అడగడం. అడగడానికి మనకి ఓటు హక్కు ఉంది, పద్దెనిమిది దాటాం.

హైదరాబాద్ ఎఫ్‌సీని వెనక్కి తెచ్చే శక్తి మనకి లేదు. 1954 నాటి పోలీస్ జట్టు తిరిగి రాదు. ఈ జనవరిలో మీ ఊళ్ళో ఒక నెట్టు కట్టడం మాత్రం మీ చేతిలో ఉంది. కట్టినవాళ్ళు ఆడిన పిల్లల పేర్లు, స్కోర్లు మన క్లబ్బుకి పంపండి. వచ్చే సంచికలో ఊరి పేరుతో సహా అచ్చువేద్దాం. ఉప్పలగుప్తం స్కోరు నేను పంపుతాను.