"ఖాళీగా ఉన్నాడు" అనే మాట

తూర్పు గోదావరిలో మా అత్తయ్యకు ఫోన్ చేసి "బావ ఏం చేస్తున్నాడు?" అని అడిగితే "ఖాళీగా ఉన్నాడమ్మా" అంటుంది. బీటెక్ అయిపోయింది. గ్రూప్స్‌కి చదువుతున్నాడు. పొద్దున్నే పొలానికి నీళ్లు కట్టి వస్తాడు. ఇది ఖాళీ ఎలా అవుతుంది? నేను నేర్చుకున్న తెలుగులో గిన్నె ఖాళీ అవుతుంది, ఇల్లు ఖాళీ అవుతుంది. కానీ పొలం పని ఎంత చేసినా మనవాళ్లు దాన్ని ఉద్యోగం అనరు. ("నిరుద్యోగి" అనే మాట నేను పేపర్లో చదివానే కానీ, ఫోన్లో ఎవరూ అనగా వినలేదు.)

2016 జనవరి 31న తునిలో కాపుల సభ జరిగింది. తమను బీసీల్లో చేర్చాలని అడిగారు. ఆ రోజే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ను తగలబెట్టారు. మాదీ కాపు కుటుంబమే. ఇక్కడ న్యూజెర్సీలో ఆ సంగతి వస్తే పెద్దవాళ్లు "ఎవరో రౌడీలు చేశారు" అని ముగించేస్తారు. నాకు ఆ జవాబు చాలదు. 2015 ఆగస్టులో గుజరాత్‌లో పటేళ్లు, 2016 ఫిబ్రవరిలో హర్యానాలో జాట్‌లు కూడా రిజర్వేషన్ కోసమే రోడ్డెక్కారు. అక్కడ మనుషులు కూడా చనిపోయారు. మూడూ వ్యవసాయం చేసే కులాలే. తాతకు పది ఎకరాలు ఉన్నా, పంచుకుంటూ వస్తే మనవడికి రెండు కూడా మిగలవు. చదువుకుంటే బయటపడతావు అన్నారు. చదివాడు, బయటపడలేదు. పెళ్లి సంబంధం వచ్చినా "అబ్బాయికి ఉద్యోగం ఏంటి?" దగ్గరే ఆగిపోతుంది.

ఆ కోపం నాకు అర్థమవుతుంది. అది ఎవరి మీదకు వెళ్తోందో, దాన్ని మాత్రం ఒప్పుకోను. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "మన ఉద్యోగాలు ఎస్సీ, బీసీ వాళ్లు తీసేసుకున్నారు" అని మెసేజ్‌లు వస్తుంటాయి. మన ఉద్యోగాలా? వాళ్లలో చాలామంది తాతలు మన తాతల పొలాల్లో కూలికి వచ్చినవాళ్లే. పంచుకోవడానికి వాళ్లకు ఆ రెండు ఎకరాలు కూడా లేవు. వాళ్ల ఇళ్లల్లోనూ డిగ్రీ చదివి "ఖాళీగా" ఉన్న పిల్లలు ఉన్నారు. 2019లో రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకు కేంద్రం 10 శాతం ఇచ్చింది. దాంతో వాటాలు మారాయి, అంతే. కొత్త ఉద్యోగాలు పుట్టలేదు.

డాలర్లు సంపాదిస్తూ ఆ మెసేజ్‌లు ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద నాకు ఇంకా ఎక్కువ కోపం. కేసు పడితే కోర్టు చుట్టూ తిరిగేది ఊళ్లో కుర్రాడే కదా.

మీ గ్రూపులో అలాంటిది కనిపిస్తే, మీకు వచ్చిన తెలుగులోనే జవాబు రాయండి. నేను "మన తాత పొలంలో నాట్లు ఎవరు వేశారు, బాబాయ్?" అని రాశాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.