కోకో తోటకు సందర్శకులు, ఇంట్లో చాక్లెట్: దిగే ముందు ఈ లెక్క చూసుకోండి



ఈ మధ్య ఏలూరు జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా కోకో రైతులు నన్ను ఒకటే అడుగుతున్నారు. "సార్, గింజ ధర పడిపోయింది కదా, మనమే చాక్లెట్ చేసి అమ్ముకుంటే ఎలా ఉంటుంది? తోట చూడ్డానికి పట్నం వాళ్లను రప్పించి టికెట్ పెడితే?" అని. ఆలోచన మంచిదే. అయితే అప్పు చేసి యంత్రాలు కొనే ముందు ఈ వ్యాసం ఒకసారి చదవండి.

ధర ఎందుకు పెరిగింది, ఎందుకు పడింది?

ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. అక్కడ వాతావరణం దెబ్బతీసి, తెగుళ్లు తగిలి, ముసలి చెట్ల దిగుబడి తగ్గడంతో 2024లో కొరత వచ్చింది. ఆ డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో టన్ను 12 వేల డాలర్లు దాటింది. మన దగ్గర కూడా 2024 వేసవిలో కిలో ఎండు గింజ వెయ్యి రూపాయల దాకా పలికింది. ఆ తర్వాత చాక్లెట్ కంపెనీలు వాడకం తగ్గించాయి, పంట అంచనాలు మెరుగుపడ్డాయి. 2025 చివరికి ప్రపంచ ధర సగానికి దిగింది. 2025 వేసవిలో మన రైతులు రోడ్డెక్కాక, కంపెనీలు ఇచ్చే 450 రూపాయలకు ప్రభుత్వం 50 కలిపి కిలోకు 500 దక్కేలా చేసింది.

ధర మన చేతిలో లేదు. గింజ నాణ్యత మాత్రం మన చేతిలోనే ఉంది. 2024లో వ్యాపారులు సరిగ్గా పులియని గింజను కూడా ఎగబడి కొన్నారు. దాంతో చాలామంది మూడు రోజులకే గింజను ఎండలో పోసేశారు. అప్పుడు మేమూ గట్టిగా వారించలేకపోయాం. ధర పడ్డాక ఆ గింజనే పక్కన పెట్టారు.

హవాయి రైతులు ఏం చేస్తున్నారు?

అమెరికా రాష్ట్రాల్లో కోకో వాణిజ్యపరంగా పండేది హవాయిలోనే. అక్కడ భూమి ఖరీదు, కూలి రెండూ ఎక్కువ. ఆఫ్రికా గింజతో ధరలో పోటీ పడలేరు. అందుకే చిన్న కుటుంబాల వాళ్లు తోటను చూపించడం మొదలుపెట్టారు. వచ్చిన వాళ్లకు కాయ కోసి చూపిస్తారు, గుజ్జు రుచి చూపిస్తారు, చాక్లెట్ ఎలా తయారవుతుందో చెబుతారు, చివర్లో తమ చాక్లెట్ అమ్ముతారు. వాళ్ల దగ్గరకు ఏడాది పొడవునా పర్యాటకులు వస్తారు. మనకు ఆ జనం లేరు, కానీ మన గింజకు పేరు రావడం మొదలైంది. ఏలూరు జిల్లా తడికలపూడిలో గింజను పులియబెట్టించి హైదరాబాద్‌లో చాక్లెట్ చేస్తున్న మనం సంస్థ ఇందుకు ఉదాహరణ. బంజారాహిల్స్‌లోని వాళ్ల కార్ఖానాను 2024లో టైమ్ పత్రిక చూడదగ్గ ప్రదేశాల జాబితాలో చేర్చింది.

అసలు లెక్క

ఎకరం కొబ్బరిలో 200 కోకో చెట్లు, చెట్టుకు కిలో ఎండు గింజ అనుకుందాం. అంటే 200 కిలోలు. 2025 వేసవి ధర కిలో 500 చొప్పున లక్ష రూపాయలు.

కిలో ఎండు గింజను వేయించి పొట్టు తీస్తే సుమారు 700 గ్రాముల పప్పు మిగులుతుంది. దానికి 300 గ్రాముల పంచదార కలిపితే కిలో డార్క్ చాక్లెట్ అవుతుంది. 200 కిలోల గింజ అంటే 50 గ్రాముల బిళ్లలు 4 వేలు. వీటిని ఎవరు కొంటారు? చాక్లెట్ 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మే నెలలో మన ఊళ్లో ఏసీ లేకుండా నిల్వ ఉండదు. అందుకే పంట మొత్తాన్ని చాక్లెట్ చేద్దామనుకోకండి. మొదటి ఏడాది 10 కిలోల గింజతో ప్రయత్నించండి. మిగతాది బాగా పులియబెట్టి గింజగానే అమ్మండి.

సందర్శకుల లెక్క కూడా చూద్దాం. నెలకు నాలుగు ఆదివారాలు, వారానికి పది మంది, మనిషికి 300 అనుకుంటే నెలకు 12 వేలు. ఇందులోంచి టిఫిన్, కూలి, శుభ్రత ఖర్చు పోవాలి. ఇది పంటకు తోడుగా వచ్చే ఆదాయం. పంటకు బదులు కాదు.

గింజ బాగుంటేనే చాక్లెట్

1. పండిన కాయనే కోయండి. పది, పదిహేను రోజులకోసారి కోత పెట్టండి. కాయను కత్తితో కాకుండా చెక్క సుత్తితో పగలగొట్టండి. కత్తి గింజకు తగిలితే బూజు పడుతుంది.

2. కొద్దిపాటి గింజకు వెదురు బుట్ట చాలు. అడుగున అరటాకు పరిచి, రసం కారేందుకు చిల్లులు పెట్టండి. గింజ నింపి పైన అరటాకు, మర్నాటి నుంచి గోనెపట్టా కప్పండి. మూడో రోజు, ఐదో రోజు తిరగబోయండి. ఆరు రోజులు పూర్తయ్యాకే ఎండకు తీయండి. మీ ఒక్కరి గింజ చాలకపోతే ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పులియబెట్టండి.

3. తేమ 6, 7 శాతానికి వచ్చేదాకా ఎండబెట్టండి. తర్వాత వంద గింజల్ని నిలువుగా కోసి చూడండి. లోపల గోధుమ రంగు, పగుళ్లు ఉంటే మంచి గింజ. ఊదా రంగుంటే పులియడం చాలలేదు. పలక రంగుంటే అసలు పులియలేదు.

4. చాక్లెట్‌కు మందపాటి మూకుడులో సన్న సెగ మీద అరగంట వేయించి, చేటతో చెరిగి పొట్టు తీయండి. రుబ్బడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఇడ్లీ పిండి గ్రైండర్ అంతసేపు తిప్పితే మోటారు కాలుతుంది. దీనికోసం తయారైన రాతి గ్రైండర్ వేరే ఉంది. కొనే ముందు పక్క ఊళ్లో ఎవరి దగ్గరైనా వాడి చూడండి. ఒక్క చుక్క నీరు పడినా చాక్లెట్ గట్టిపడి పాడవుతుంది.

జనాన్ని పిలిచే ముందు

కొబ్బరి చెట్ల కింద మనుషులు తిరుగుతారు కాబట్టి ముదురు కాయలు ముందే దింపించండి. ఆయిల్‌పామ్ తోటైతే ముళ్ల మట్టలు దారిలోంచి తీసేయండి. మందు కొట్టిన తోటలోకి, గడువు రోజులు దాటకుండా ఎవరినీ రానివ్వకండి, కాయ రుచి చూపించకండి. మరుగుదొడ్డి, తాగునీరు, చేతులు కడుక్కునే చోటు తప్పనిసరి. చాక్లెట్ అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇది మనకు కలిసొచ్చే మాట.

మొదలుపెట్టడానికి సంక్రాంతి మంచి అదును. చెట్టు మీద కాయ ఉంటుంది, ఎండ తక్కువ, హైదరాబాద్ నుంచి చుట్టాలు, వాళ్ల పిల్లలు ఊరికి వస్తారు. మొదటి సందర్శకులు వాళ్లే అనుకోండి. డబ్బు తీసుకోకుండా తోట చూపించండి, చాక్లెట్ తినిపించండి, ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో అడగండి. వాళ్లు మొహమాటం లేకుండా మళ్లీ అడిగి కొనుక్కుంటే, అప్పుడు గ్రైండర్ గురించి ఆలోచించండి.

ఈ వారమే చేయగల పని ఒకటుంది. మీ ఇంట్లో ఉన్న ఎండు గింజల్లోంచి వంద తీసి కోసి చూడండి. అందులో ఊదా రంగువి ఎన్నో లెక్కపెట్టి రాసుకుని, మీ రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుణ్ణి కలవండి. చాక్లెట్ చేసినా, గింజగా అమ్మినా మీ పని అక్కడి నుంచే మొదలవుతుంది.